జెల్వీనా అంటే ఏమిటి

ఆ బుధవారం కటింగ్ మాస్టరు పెట్టుకున్న పని ఒక్కటే. వంటింటి కొళాయికి వాషరు మార్చడం. ఇరవై రెండు రోజులుగా అది చుక్క చుక్కగా కారుతోంది. ఇరవై రెండు రోజులుగా భార్య దాని కింద గిన్నె పెడుతోంది, నిండిన గిన్నె తీస్తోంది, తీసినప్పుడల్లా మొగుడి వైపు ఒక చూపు చూస్తోంది. బుధవారం ఫ్యాక్టరీకి వారపు సెలవు. కొళాయి పని ముగించి, కాళ్ళు చాపుకుని, సాయంత్రం దాకా ఎవరి మాటా వినకుండా పడుకోవాలని అతని పథకం. చిన్న మనిషి, చిన్న పథకం. దాన్ని కూడా ఈ లోకం సాగనివ్వదు.

పానా పట్టుకుని కొళాయి మీదికి వంగాడో లేదో వెనక నుంచి చొక్కా లాగింది కూతురు. తొమ్మిదేళ్ళ పిల్ల. ఇంట్లో అందరూ పిచ్చుక అంటారు. బళ్ళో మాత్రం జెల్వీనా. తగువంతా ఆ రెండో పేరుతోనే.

“నాన్నా, నా పేరుకి అర్థమేంటి?”

పానా జారి గిన్నెలో పడింది.

“పొద్దున్నే ఏం ప్రశ్నలమ్మా ఇవి?”

“పొద్దున్నే కాదు, వారం నుంచీ అడుగుతున్నా. ఇవ్వాళ పదిన్నరకి బళ్ళో ‘నా పేరు కథ’ ప్రోగ్రాం. అందరం స్టేజీ ఎక్కి చెప్పాలి. పేరెవరు పెట్టారు, ఎక్కణ్ణుంచి వచ్చింది, అర్థమేంటి. రేపు చెప్తా, రేపు చెప్తా అని ఏడుసార్లన్నావు.”

“చెప్తాలే, ఈ కొళాయి...”

“అర్థం బావుంటే చెప్తా. లేకపోతే ఇందులో సంతకం పెట్టు.”

పిల్ల రెండో చేతిలో ఒక కాగితం ఉంది. పేరు మార్పు ఫారం. ఈ ఏడు బడి రిజిస్టరులో పేర్లన్నీ మధ్యాహ్నం పన్నెండుకల్లా పైకి పంపేస్తారట, పంపాక ఇక ఎవరి తరమూ కాదట. ఫారంలో కొత్త పేరు ముందే రాసేసుకుంది. మాస్టరు వంగి చదివాడు. అది వాళ్ళ క్లాసులో ఇప్పటికే ముగ్గురికున్న పేరు.

“ఇదేంటే? నలుగురిలో ఒకత్తివి అవుతావా?”

“అవుతా. నలుగురిలో ఒకత్తినైతే ఎవరూ ఏడిపించరు. నన్నేమంటున్నారో తెలుసా? ఒళ్ళు నొప్పులకి మందంట నేను. ‘జెల్వీనా! రోజుకి మూడుపూటలా, భోంచేశాక!’ అని అరుస్తారు, నేను అన్నం డబ్బా మూత తియ్యగానే.”

మాస్టరుకు నవ్వు రాలేదు. ఆ ఇంట్లో అద్దెకు దిగడం దగ్గర్నుంచి గోడకు మేకు ఎక్కడ కొట్టాలన్నదాకా అతన్ని అడిగి ఎవరూ చెయ్యలేదు. అతను సొంతంగా తీసుకున్న నిర్ణయమంటూ ఒక్కటుంటే, అది ఆ పేరే. ఇప్పుడు దాన్ని కూడా కొట్టెయ్యమని కాగితం పట్టుకొచ్చి నిలబడింది కన్నకూతురు.

“మీ అమ్మనడుగు, చెప్తుంది,” అన్నాడు. ఆ రోజు చేసిన తప్పుల్లో అది మొదటిది.

భార్య గదిలోంచే అందుకుంది. “ఎన్నిసార్లు చెప్పానే? మొదటి చినుకు! ఏదో దూరదేశం భాషలో, నెర్రెలు విచ్చిన నేల మీద పడే మొట్టమొదటి చినుకుని జెల్వీనా అంటారంట. ఆస్పత్రి మంచం మీద నా చెయ్యి పట్టుకుని మరీ చెప్పారు మీ నాన్న. ఎంత బావుందో!”

“ఏంటీ, చినుకా?” వసారాలోంచి నాయనమ్మ గొంతు. “చినుకేంటమ్మాయ్, చినుకు! అది మా అమ్మ పేరూ, మీ మావయ్య పేరూ కలిపి అల్లిన పేరు. ఇందులో ముక్క, అందులో ముక్క. ఈ రోజుల్లో పేర్లు ఇలాగే అల్లుతున్నారమ్మా అని నా కొడుకు నాతో చెప్పాడు. తొమ్మిదేళ్ళుగా దాన్ని పిలిచినప్పుడల్లా మా అమ్మని పిలిచినట్టు ఉంటుంది నాకు.”

“మీ అమ్మగారి పేరు నా కూతురికా? నాకు చెప్పకుండానా?”

“చెప్తే పెట్టనిచ్చేదానివా?”

తొమ్మిదేళ్ళుగా ఒకే కప్పు కింద, పది అడుగుల దూరంలో, ఈ రెండు అర్థాలూ ఒకదాని మొహం ఒకటి చూసుకోకుండా బతికాయి. అత్తాకోడళ్ళు అవసరానికి మించి మాట్లాడుకోరు కనక గడిచింది. ఇవాళ ఎదురుపడ్డాయి. ఇద్దరూ ఒక్కసారే వంటింటి గుమ్మంలోకి వచ్చారు.

“ఒరేయ్, ఏది నిజం?”

“ఏవండీ, ఏది నిజం?”

“వాషరు లేదు,” అన్నాడు మాస్టరు. “కొట్టు కట్టేస్తాడు. ఇప్పుడే వస్తా.” చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోలేదు.

నిజమేమిటో అతనొక్కడికే తెలుసు. అది పర్సులో, గుర్తింపు కార్డు వెనక, నాలుగు మడతల్లో ఉంది.

తొమ్మిదేళ్ళ కిందట ఫ్యాక్టరీలోకి గుడ్డ కోసే ఆటోమేటిక్ మిషను వస్తోందన్నారు. పన్నెండు మంది కటింగ్ మాస్టర్ల పని అదొక్కటే చేస్తుందన్నారు. ఆ పన్నెండు మందిలో మనవాడొకడు. యూనియనంతా మూడు రోజుల పాటు ముందు గేటు దగ్గర అడ్డంగా కూర్చుంది. మిషను వెనక గేటు నుంచి లోపలికి పోయింది. మేనేజిమెంటుకు ఎప్పుడూ రెండు గేట్లుంటాయి, కూర్చునేవాళ్ళకు ఒక్కటే కనిపిస్తుంది. పాత మిషను, ఎక్కణ్ణుంచి కొన్నారో తెలియకూడదని దాని ఒంటి మీద పేరు పలకలన్నీ పీకేశారు. కార్మికులు దాన్ని భూతమనే పిలిచారు. మూడో రోజు మధ్యాహ్నం మాస్టరుకు కబురొచ్చింది, ఆడపిల్ల పుట్టిందని. వెనక సందులోంచి అడ్డదారిన పరిగెత్తుతుంటే పగలగొట్టిన చెక్కపెట్టె దారికడ్డంగా పడి ఉంది. డాక్టరు మందులేమైనా చెప్తే రాసుకోవడానికి కాగితం ఉండాలని దాని మీది చీటీ చింపి జేబులో వేసుకున్నాడు.

ఆస్పత్రిలో గుమాస్తా రిజిస్టరు తెరిచి కూర్చున్నాడు. పేరు వెంటనే చెప్పాలి, లేకపోతే కాగితం వెనక్కి పోతుందన్నాడు. భార్య ఒక పేరు అనుకుని ఉంది. తల్లి ఇంకో పేరు అనుకుని ఉంది. తను చెప్పింది కాకపోతే పిల్లని ఎత్తుకోనంది తల్లి. అత్త చెప్పింది పెడితే ఆ ఇంటి గడప తొక్కనంది భార్య. గుమాస్తా కలంతో బల్ల మీద కొడుతున్నాడు. మాస్టరు చెమట తుడుచుకోవడానికి జేబులో చెయ్యి పెడితే రుమాలుకు బదులు చీటీ వచ్చింది. దాని మీద పెద్ద అక్షరాల్లో ఒక మాట ఉంది. ఎవరి పక్షమూ కాని మాట. చదివేశాడు. గుమాస్తా రాసేసుకున్నాడు. పిల్లల పేర్ల వెనక చాలా కథలు చెప్తారు జనం. సగం పేర్ల వెనక ఉండేది ఇలాంటి చెమటే.

చెప్పాక భయం పట్టుకుంది. అడిగినవాళ్ళకి అడిగినట్టు, ఎవరికి ఏది నచ్చుతుందో అది చెప్పాడు. ఇంట్లో ఇద్దరికీ రెండు. బయట ఒకటి.

ఆ బయటిది మెట్ల దగ్గరే ఎదురైంది.

యూనియన్ సెక్రటరీ వస్తున్నాడు. వెనక ఇద్దరు మనుషులు తలుపంత బోర్డు మోస్తున్నారు. ఎర్ర రంగు మీద తెల్ల అక్షరాలు: జెల్వీనా హాలు.

“మాస్టరూ! సరిగ్గా నీకోసమే. మన కొత్త మీటింగు గదికి ఇవ్వాళ బోర్డు ఎక్కిస్తున్నాం. మీ పాప చేతే గుడ్డ తీయించాలని కమిటీ తీర్మానం. నీకు చెప్పలేదు, ఆశ్చర్యపోవాలని.”

మాస్టరు ఆశ్చర్యపోయాడు. గోడ పట్టుకున్నాడు.

పిల్ల పుట్టిన నాలుగో రోజు గేటు దగ్గర సెక్రటరీ అడిగాడు, అదేం పేరయ్యా అని. ఎదురుగా భూతాన్ని తిడుతూ మూడొందల మంది. ఆ మధ్యలో నిలబడి నిజం చెప్పే మనిషి ఎక్కడైనా ఉంటే వాడికి దండం పెట్టాలి. మాస్టరు అలాంటివాడు కాదు. “బయటి దేశంలో గుడ్డలు కోసే కార్మికురాలు, పోరాటం చేసింది,” అని గొణిగాడు. అంతే. మిగతాదంతా సెక్రటరీ చేతిచలవ. మొదటి ఏడు జెల్వీనా ఉత్త కార్మికురాలు. రెండో ఏడు మిషను స్విచ్చి మీద చెయ్యి వేసి ఫ్యాక్టరీ మొత్తం ఆపేసింది. నాలుగో ఏడు పదకొండు రోజులు అన్నం ముట్టలేదు. ఆరో ఏడు తుపాకీ గుండు తగిలింది. కిందటి ఏడు మంచాన పడ్డ తల్లి ఒకావిడ పుట్టుకొచ్చింది, గేటు మీటింగులో ఆడవాళ్ళు కొంగులు తడుపుకున్నారు.

“అన్నా, అసలు సంగతేంటంటే, ఆ జెల్వీనా...”

“నాకు తెలుసయ్యా. నీకు కళ్ళనీళ్ళు వస్తాయి. నాకూ వస్తాయి.”

“అది కాదు. పాపకి బడుంది. పదిన్నరకి ప్రోగ్రాం. పేరు గురించి...” అని నోరు మూసుకునేలోపు మాట బయటపడిపోయింది. ఆ రోజు అది రెండో తప్పు.

“పేరు గురించా? బళ్ళోనా?” సెక్రటరీ కళ్ళు వెలిగాయి. “మరి చెప్పవేం? ఆ కథ చెప్పడానికి పసిపిల్ల ఒక్కతే చాలుతుందా? ఒరేయ్, బోర్డు అటు తిప్పండి. సెలవేగా, జనాన్ని పిలవండి. ముందు బడికి పోదాం!”

పదింపావుకు బడి హాల్లో నిలబడటానికి చోటు లేదు. తల్లిదండ్రులు ఒకవైపు కుర్చీల్లో కూర్చున్నారు. రెండోవైపు ముప్పై మంది యూనియన్ మనుషులు, మధ్యలో తలుపంత బోర్డు. మాస్టరు భార్య ముందు వరసలో ఈ చివర కూర్చుంటే తల్లి ఆ చివర కూర్చుంది. ఇద్దరూ దారి పొడుగునా రోడ్డుకు చెరోపక్కన నడిచి వచ్చారు. మాస్టరు తలుపు దగ్గర నిలబడ్డాడు. ఒక కాలు లోపల, ఒక కాలు బయట.

గోడకు పెద్ద చార్టు అంటించి ఉంది. వరసగా పిల్లల పేర్లు, ఎదురుగా అర్థాలు. వెన్నెల. విజయం. పువ్వు. కీర్తి. వెలుగు. మళ్ళీ వెన్నెల. ఒక్క పేరు ఎదురుగా మాత్రం ఖాళీ. టీచరమ్మ మార్కరు మూత తీసి మాస్టరు దగ్గరికి నేరుగా వచ్చింది.

“మీరేనా ఆ పాప నాన్నగారు? సార్, ఒక్క మాట తేల్చండి. ఆవిడ చినుకంటున్నారు. ఈవిడ ముత్తవ్వంటున్నారు. ఆయనెవరో అమరవీరురాలంటూ నా బల్లెక్కి ప్రాక్టీసు చేస్తున్నారు. నాలుగు పుస్తకాలు తిరగేశాను, ఎక్కడా లేదు ఈ పేరు. చార్టు మీద ఒక్క లైనే ఉంది. ఏం రాయమంటారు?”

“మీకేది బావుంటే అది రాసెయ్యండి మేడమ్.”

“నాకు బావుండటమేంటి సార్? పేరు పెట్టింది మీరు!”

ఈలోపు పిచ్చుక వచ్చి తండ్రి ముందు నిలబడింది. ఏడవలేదు. ఏడిస్తే బావుండుననిపించింది మాస్టరుకు. ఫారమూ పెన్నూ ముందుకు చాపింది.

“నాకు మూడు అర్థాలొద్దు నాన్నా. ఒక్కటి చాలు. అది నిజమైతే చెప్పు. లేదా సంతకం పెట్టు. నా ముందు ఇద్దరే ఉన్నారు.”

పెన్ను చేతిలోకి తీసుకున్నాడు. పెట్టేద్దామనే అనుకున్నాడు. ఒక్క సంతకంతో ముగ్గురి నోళ్ళూ మూతపడతాయి. సంతకం చోటుకు పైన కూతురు తన పాత పేరు రాసింది. రాసి, దాని మీద ఒకే ఒక్క గీత కొట్టింది, స్కేలు పెట్టి, చాలా జాగ్రత్తగా. ఆ గీత చూశాక అతని చెయ్యి ముందుకు కదల్లేదు.

“ఇలా రా,” అని పిల్లని నీళ్ళ ట్యాంకు పక్కకు లాక్కెళ్ళాడు. పర్సు తీశాడు. చీటీ నాలుగు మడతలూ విప్పాడు. ఒకవైపు మందుల లిస్టు. రెండోవైపు పెద్ద అక్షరాల్లో జెల్వీనా, కింద ఒక బొమ్మ, నాలుగు కాళ్ళు, పొడుగాటి కత్తి.

“ఇదేంటి?”

“నువ్వే.”

చెప్పేశాడు. గేటు, పెట్టె, గుమాస్తా, చెమట, అన్నీ. ఊపిరి తీసుకోకుండా చెప్పాడు. పిల్ల బొమ్మ మీద నుంచి కళ్ళు తియ్యలేదు.

“ఇది పన్నెండు మంది పని చేసేదా?”

“చేసేది. నూటిరవై పొరల గుడ్డ ఒక్క దెబ్బకి కోసేది. రెండు నెలలే అనుకో.”

“తర్వాత?”

“పీచు అడ్డంపడి ఆగిపోయింది. వెనక షెడ్డులో తుప్పు పడుతోంది.”

“ఎవరూ బాగుచెయ్యలేదా?”

“ఎవరు చేస్తారే? పన్నెండు మందిమీ చూడనట్టు ఊరుకున్నాం.”

“మరి ఆ పేరే ఎందుకు పెట్టావు?”

“భయమేసి.”

“ఎవరంటే?”

“మీ అమ్మంటే. మీ నాయనమ్మంటే.”

పిచ్చుక తలుపు సందులోంచి హాల్లోకి చూసింది. ముందు వరసలో ఈ చివర తల్లిని చూసింది. ఆ చివర నాయనమ్మని చూసింది. “నిజమే,” అంది.

అప్పుడే మైకులో పేరు పిలిచారు. పిల్ల చీటీ లాక్కుని పరిగెత్తింది. “ఒసేయ్, స్టేజీ మీద కాదే!” అని తలుపు దాకా వచ్చి మాస్టరు అరిచిన అరుపు ముప్పై మంది చప్పట్లలో కలిసిపోయింది. పిల్ల వెంట సెక్రటరీ కూడా స్టేజీ ఎక్కి, పక్కనే చేతులు కట్టుకుని, కళ్ళు తుడుచుకోవడానికి సిద్ధంగా నిలబడ్డాడు.

“నా పేరు జెల్వీనా,” అంది పిచ్చుక. “చినుకు కాదు. ముత్తవ్వ కాదు. చచ్చిపోయినావిడ కాదు. అలాంటావిడ అసలు లేదు. జెల్వీనా అంటే మిషను. ఇంత పొడుగు కత్తి ఉంటుంది.” రెండు చేతులూ బారచాపి చూపించింది. “పన్నెండు మంది పని ఒక్కతే చేస్తుంది. మా అమ్మా నాయనమ్మా పేరు దగ్గర దెబ్బలాడుతుంటే మా నాన్న భయపడి, పెట్టె మీది పేరు చదివేశాడు. ఇదిగో చీటీ.”

రెండో వరసలో ఒక మొగపిల్లాడు లేచాడు. మూడుపూటలా, భోంచేశాక, అని అరిచేది వాడే.

“నిజం మిషనా? కత్తికి పదునుంటుందా?”

“నూటిరవై పొరలు. ఒక్క దెబ్బ.”

వాడు తన పేరు ఎదురుగా చార్టు మీదున్న ‘పున్నమి వెలుగు’ వైపు ఒకసారి చూసుకుని కూర్చుండిపోయాడు.

అందరి కళ్ళూ సెక్రటరీ మీదికి తిరిగాయి. తొమ్మిదేళ్ళ ఉపన్యాసాలు, పదకొండు రోజుల పస్తు, తుపాకీ గుండు, మంచాన పడ్డ తల్లి, అన్నీ అతని మొహం మీద కూలుతున్నాయి. నోరు తెరిచాడు. మూశాడు. మాస్టరు రెండో కాలు కూడా తలుపు బయట పెట్టాడు. రేపటి నుంచి ఏ మొహం పెట్టుకుని గేటు దాటాలో అని లెక్కలు వేస్తున్నాడు. కాని మైకు ముందు నోరు తెరిచి ఊరకే మూసినవాడు సెక్రటరీ ఎలా అవుతాడు? రెండోసారి తెరిచాడు.

“విన్నారా? మన నోటికాడి కూడు లాక్కోవడానికి వాళ్ళు మిషను తెచ్చారు! మన మాస్టరేం చేశాడు? రాళ్ళేశాడా? కాళ్ళ మీద పడ్డాడా? గుట్టుచప్పుడు కాకుండా పోయి, దాని పేరే పీక్కొచ్చి కన్నబిడ్డకి పెట్టుకున్నాడు! పేరు పోయిన మిషను ఎన్నాళ్ళు నడిచింది?”

“రెండు నెలలు!” ముప్పై గొంతులు లేచాయి.

“ఇప్పుడెక్కడుంది?”

“షెడ్డులో!”

“ఈ పాప ఎక్కడుంది?”

“స్టేజీ మీద!”

బోర్డు మోస్తున్నవాడొకడు సెక్రటరీ చెవి దగ్గరికి వంగాడు. “అన్నా, మరి ఆ గుండు తగిలినావిడ సంగతి?”

“ఆవిడా ఉంది. లేదని నువ్వు చూసొచ్చావా?”

జనం మాస్టరుని తలుపు బయట నుంచి ఈడ్చుకొచ్చి భుజాల మీదికి ఎత్తారు. జన్మలో ఏనాడూ ఏ గొడవలోకీ దిగని మనిషి. ఆ ఎత్తు నుంచి చూస్తే చార్టు కనిపించింది. టీచరమ్మ మిగిలిన ఖాళీలో ‘గుడ్డ కోయు యంత్రము’ అని గుండ్రంగా రాస్తోంది. దాని కింద కూతురు కూర్చుని ఫారాన్ని నాలుగు ముక్కలు చేస్తోంది. స్కేలు పెట్టి, చాలా జాగ్రత్తగా.

ఇల్లు చేరేసరికి రెండయింది. మెడ చుట్టూ కండువా, గొంతులో గర్వం. గుమ్మంలోనే ఆగిపోయాడు. భార్యా తల్లీ ఒకే బల్ల మీద పక్కపక్కన కూర్చుని ఉన్నారు. తొమ్మిదేళ్ళలో అత్తాకోడళ్ళు ఒక మాట మీదికి రావడం అదే మొదలు. ఆ మాటేమిటో వాళ్ళ మొహాలే చెప్తున్నాయి.

“మా అమ్మ పేరన్నావు కదరా,” అంది తల్లి.

“చెయ్యి పట్టుకుని చెప్పారు,” అంది భార్య.

“అది కాదు, అప్పట్లో పరిస్థితి...”

భార్య లేవలేదు, గొంతు పెంచలేదు. వంటింట్లోకి వేలు చూపించింది. కొళాయి కింద గిన్నె నిండి పొర్లి, నీళ్ళు గుమ్మం దాకా పాకాయి.

“అదిగోండి మీ మొదటి చినుకు. పోయి పట్టుకోండి.”

వాషరు కొనలేదన్న సంగతి మాస్టరుకు అప్పుడు గుర్తొచ్చింది.